తోటకూర రాయి

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పడానికి చేరిన మొదటి వారంలోనే, కాలేజీ తుడిచే అసిరమ్మ నా తప్పు దిద్దింది. పిల్లలందరూ వెళ్ళిపోయేదాకా ఆగి దిద్దింది. అది ఆమె మర్యాద.

ఆ రోజు ల్యాబులో రెండు నల్లరాళ్ళు చూపించి, రెండూ పైరోలుసైటే అని చెప్పాను. అది మాంగనీసు ఖనిజం. గది ఖాళీ అయ్యాక అసిరమ్మ చీపురు గోడకి ఆనించి, ఒక రాయి నా చేతిలో పెట్టి వేలితో రుద్దమంది. రుద్దితే వేలికి మసి అంటుకుంది. రెండోది పెట్టింది. ఎంత రుద్దినా ఏమీ అంటుకోలేదు.

"మసంటీది మెత్తది. ఇది గట్టిది. రెండూ ఒకటే ఎలాగవుతాయమ్మా?" అంది.

ఇంటికెళ్ళి పుస్తకం తీస్తే ఆమె చెప్పిందే నిజం. రెండోది సిలోమెలేన్, వేరే ఖనిజం. నాకు ఎమ్మెస్సీలో యూనివర్సిటీ రెండో ర్యాంకు. అసిరమ్మ మూడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. మర్నాడు పిల్లలకి నా తప్పు నేనే చెప్పాను. ఎవరు దిద్దారో మాత్రం చెప్పలేదు. భరణి మేడానికి స్వీపరు పాఠం చెప్పిందంటారేమోనని భయం. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

ఆమెది చీపురుపల్లి దగ్గర ఒక చిన్న పల్లె. చోళ్ళు, గంటెలు, వానలుంటే వేరుసెనగ పండించుకునే కుటుంబం. పదిహేడేళ్ళకి పెళ్ళయి గరివిడి వైపు కాపరానికి వెళ్ళింది. అక్కడ పొలంకన్నా క్వారీ దగ్గర. తవ్వి తెచ్చిన రాయి కుప్పగా పోస్తే, తాటాకు పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చిన్న సుత్తితో పగలగొట్టి, మంచి మాంగనీసు ఒక తట్టలోకి, పనికిరాని రాయి ఇంకో తట్టలోకి వేరు చేసేవారు. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. తేడా బరువులో ఉంటుంది, విరిగినచోట మెరుపులో ఉంటుంది, సుత్తి తగిలినప్పుడు వచ్చే చప్పుడులో ఉంటుంది. రెండేళ్ళు తిరక్కుండా అసిరమ్మ చేతికి ఆ తేడా పట్టుబడింది. మేస్త్రీకి అనుమానం వచ్చిన కుప్ప ఉంటే ఆమెను పిలిచి చూపించేవాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె ముఖంలో కొంచెం గర్వం కనబడేది.

ఆమె మొగుడు జోగయ్య అదే క్వారీలో రాయికి మిషనుతో కన్నాలు వేసేవాడు. పొద్దున్న వెళ్ళిన మనిషి సాయంత్రానికి కనురెప్పల మీద కూడా ధూళితో వచ్చేవాడు. ముప్పై ఎనిమిదో ఏట దగ్గు మొదలైంది. నలభై దాటాక నాలుగడుగులు వేస్తే ఆయాసం. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్సరే చూసి, ఊపిరితిత్తులనిండా రాతిపొడి ఉందనీ, ఇక తీయడం కుదరదనీ చెప్పాడు. మొదటినుంచీ ముక్కుకి తడిగుడ్డ కట్టుకున్నా ఇంకొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాడేమో అని కూడా అన్నాడట. జోగయ్య నలభై రెండో ఏట పోయాడు.

ఈ సంగతి ఆమె నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. ఏడవలేదు.

"తడిగుడ్డంటే ఏపాటి సెప్పమ్మా. నా కోక సింపి ఇచ్చీదాన్ని. ఎవులూ సెప్పలేదు మాకు. రాయి దెబ్బ తగుల్తాదని తెలుసు గానీ, రాయి లోపలికెళ్ళిపోద్దని తెల్దు."

తర్వాత క్వారీ మూతబడింది, గోతులు నీళ్ళతో నిండిపోయాయి. శ్రీకాకుళంలో బట్టలషాపులో పనిచేసే కూతురు ధనలక్ష్మి దగ్గరికి వచ్చేసి, మా కాలేజీలో కాంట్రాక్టు మీద తుడిచే పనిలో కుదిరింది.

అప్పట్లో జియాలజీ హెడ్డు జగన్నాధం మాస్టారు. డిపార్టుమెంటు రెండో అంతస్తు చివర. టేకు బీరువాల్లో మూడువందల పైచిలుకు రాళ్ళు ఉండేవి, అన్నీ ఆయన పోగుచేసినవే. దుమ్ము దులపడానికి వెళ్ళిన అసిరమ్మ ఒక రాయి చేతిలోకి తీసుకుని ఎత్తి చూడ్డం ఆయన గమనించాడు. ఎందుకలా ఎత్తుతున్నావని అడిగాడు. బరువు చూస్తున్నానంది. ఆ రోజునుంచి బీరువాల తాళాలు ఆమె చేతికిచ్చాడు. ఆయన పేర్లు ఇంగ్లీషులో చెప్పేవాడు, ఆమె తన పేర్లు పెట్టుకునేది. అభ్రకం ఆమెకు సేప పొలుసు. పసుపచ్చటి గంధకం ఇంగువ రాయి. ఇద్దరికీ ఎప్పుడూ పొరపాటు జరగలేదు.

ఆ బీరువాల్లో అన్నిటికన్నా అందమైంది నూట పదిహేడో నంబరు. అరచేతిలో పట్టే బూడిదరంగు రాతిమీద, ఒక్కో మధ్యబిందువు నుంచి చుట్టూ విచ్చుకున్న సన్నటి పుల్లల గుత్తులు. రంగు ఏమని చెప్పను. గులాబీ అంటే తక్కువవుతుంది, ఎరుపంటే ఎక్కువవుతుంది. ఎర్ర తోటకూర ఉడికించిన నీళ్ళని ఎండలో పెట్టి చూస్తే ఉండే రంగు. అందుకే అసిరమ్మ దాన్ని తోటకూర రాయి అనేది. అసలు పేరు ఎరిత్రైట్. అందులో కోబాల్ట్ ఉంటుంది. గనుల్లో పనిచేసేవాళ్ళు దీన్ని కోబాల్ట్ పువ్వు అంటారు, ఇది పూసినచోట లోపల కోబాల్ట్ ఉన్నట్టు గుర్తు. రాళ్ళు సేకరించేవాళ్ళు మంచి ఎరిత్రైట్ కోసం దేశాలు తిరుగుతారు. ఎన్నో ఏళ్ళ కిందట విశాఖపట్నంలో జరిగిన సదస్సుకి ఒక ఫ్రెంచి సేకర్త వస్తే, మాస్టారు ఆయనకి గరివిడి దగ్గరి మన కోడూరు గని రాయి ఒకటి ఇచ్చి బదులుగా ఇది తీసుకున్నాడు. మొరాకో దేశపు గనిది. కోడూరు పేరుమీద కోడురైట్ అని ఒక రాతిజాతికే పేరుందని మన జిల్లాల్లో చాలామందికి తెలియదు గానీ, ఆ ఫ్రెంచాయనకి తెలుసట.

దాన్ని ఆమెకు అప్పగించినప్పుడు మాస్టారు ఒక జాగ్రత్త చెప్పాడు. ఇందులో కోబాల్టుతోపాటు పాషాణం కూడా ఉందనీ, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలనీ, పొడి కానివ్వకూడదనీ, తినేది ఏదీ దగ్గరికి రానివ్వకూడదనీ. మన భాషలో రాయినీ పాషాణమంటాం, ఆ విషాన్నీ పాషాణమంటాం. ఆ రెండూ ఒకటైన వస్తువు ఆమెకు అదే మొదటిసారి కనబడ్డం. పైగా ఆ పుల్లలు గోటితో గీసినా చెదిరిపోయేంత మెత్తన. అందుకే అసిరమ్మ దానికి గుడ్డ కూడా తగలనిచ్చేది కాదు, కోడి ఈకతో దులిపేది.

నేను చేరిన ఏడాదికే మాస్టారు రిటైరయ్యాడు. కరోనా రెండో విడతలో పోయాడు. ఆ తర్వాత నేనొక్కదాన్నే మిగిలాను. పిల్లలు ఏడాదికేడాది తగ్గిపోయారు. ఆఖరి బ్యాచిలో ఐదుగురు. రెండువేల ఇరవైమూడు వేసవిలో జియాలజీ కోర్సు ఎత్తేస్తున్నామనీ, ఆ గది కంప్యూటర్ ల్యాబుకి ఇస్తున్నామనీ ప్రిన్సిపాల్ తిరుమలరావు గారు చెప్పారు. నాకు ఎన్విరాన్‌మెంట్ పాఠాలు ఇచ్చి ఇంకో ఏడాది ఉంచుతామన్నారు. రాళ్ళ సంగతి అడిగితే, ఎవరైనా పట్టుకెళ్తే ఇచ్చెయ్యండి, లేకపోతే పారెయ్యండి అన్నారు.

నేను రాళ్ళన్నీ అట్టపెట్టెల్లో సర్దాలనుకున్నాను. సగం సర్దాను కూడా. ఈలోగా కొత్తవలసలో మా ఆడపడుచు ఇంట శుభకార్యం పడి నాలుగు రోజులు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గదికి సున్నాలు వేస్తున్నారు. బీరువాలు వరండాలోకి లాగేశారు. మిగిలిన రాళ్ళు తట్టలకెత్తి మెట్లకింద కుప్పపోశారు. పనివాళ్ళు ఆ కుప్ప పక్కనే కూర్చుని అన్నం తింటున్నారు. ఎరిత్రైట్ ఉండే గాజుపెట్టె అద్దం పగిలి ఉంది, లోపల ఏమీ లేదు. చీటీ కూడా లేదు.

పోయిందనుకున్నాను. పొడైపోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అందులో పాషాణం ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టనేలేదు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. అన్నం తింటున్న మనుషుల్ని చూసినప్పుడు గుర్తు రాలేదు.

రెండు రోజుల తర్వాత రాజాం నుంచి నగరేశ్వరరావు గారు వచ్చారు. ధాన్యం, జనుము వ్యాపారం ఉన్న కోమటి కుటుంబం. తొంభైల్లో జగన్నాధం మాస్టారి దగ్గర డిగ్రీ చదివి, చదువు షాపులో కలిసిపోయినా రాళ్ళ పిచ్చి మాత్రం ఉండిపోయిన మనిషి. డిపార్టుమెంటు మూసేస్తున్నారని విని వచ్చారు. మాస్టారి పాత జాబితా జిరాక్సు కాయితం చేత్తో పట్టుకుని, ముందుగా అడిగింది నూట పదిహేడో నంబరే. అది ఎంత విలువైందో, బయట సేకర్తలు దానికోసం ఎంతగా తపిస్తారో, ప్రిన్సిపాల్ గారికి ఆయన మాటల్లో తెలిసింది. నిన్నటిదాకా పారెయ్యమన్న రాయి ఆ నిమిషంలో కాలేజీ ఆస్తి అయిపోయింది.

వాచ్‌మన్ని పిలిచారు. సున్నాలు మొదలైన రోజు అసిరమ్మ సంచిలో ఏదో పెట్టుకుని వెళ్ళిందని అతను చెప్పాడు. అసిరమ్మను పిలిచారు. ఆమె తుడుస్తున్న తుడుపుకర్ర బయట పెట్టి వచ్చి నిలబడింది.

ఆ గులాబీ రాయి నువ్వు తీశావా అని తిరుమలరావు గారు అడిగారు.

"తీసినాను బాబూ. మా ఇంట్లోనే ఉన్నాది," అంది.

ఆయన గొంతు పెరిగింది. ఇన్నేళ్ళు నమ్మి తాళాలిస్తే ఇలా చేస్తావా అన్నారు. ఎవరికి అమ్మజూశావన్నారు. గంటలో తేకపోతే పోలీసులకి ఫోను చేస్తానన్నారు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆమె దొంగ కాదని నాకు తెలుసు. నోరు పెగల్లేదు. ఇంకో ఏడాది ఉద్యోగం ఆయన నోటిమాట మీద ఉంది.

అసిరమ్మ ఆయన మాటలు పూర్తయ్యేదాకా ఆగింది.

"అందులో పాసానం ఉన్నాది బాబూ. మాస్టారు సెప్పినారు. సున్నాలోళ్ళు తట్టలకెత్తి కుమ్మరించెత్తన్నారు. అది పొడయిపోద్ది. ఆ సేత్తోటే అన్నం తింతారు ఆళ్ళు. వద్దర్రా అంటే నవ్వినారు. మేడంగారు ఊళ్ళో లేరు. తమరి గదికి వొస్తే మీటింగన్నారు. అందుకని తీసీసినాను."

నగరేశ్వరరావు గారు చేతిలో కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను అప్పటికి లేచి, ఆమె చెప్పింది నిజమేననీ, అందులో ఆర్సెనిక్ ఉంటుందనీ చెప్పాను. ఆలస్యంగా చెప్పాను. తిరుమలరావు గారు ఒక్కక్షణం తగ్గి, అయినా చెప్పకుండా తీసుకెళ్ళడం తప్పేనని, వెంటనే పట్టుకురమ్మని అన్నారు.

ఆమెతో ఆటోలో నేను కూడా వెళ్ళాను. నాగావళి వంతెన దాటి, సందులోకి తిరిగి, రేకుల ఇల్లు. దారిలో, అక్కడ నేను ముందే మాట్లాడవలసిందని అన్నాను. ఆమె బయటికి చూస్తూనే, "నీ ఉజ్జోగం నీకుంది కదమ్మా," అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

రాయి ఇంట్లో లేదు. పెరట్లో స్నానాలగది గోడమీద, వాన పడని మూల, మనవరాలికి అందనంత ఎత్తులో, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. కింద దూది, చుట్టూ దూది. డబ్బా మీద ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు గీసి ఉన్నాయి, కూతురి గోళ్ళరంగుతో గీసిందట. మూత తీసి చూశాను. ఒక్క పుల్ల విరగలేదు. దూది పక్కన జగన్నాధం మాస్టారి చేతిరాతతో చీటీ. ఎరిత్రైట్, మొరాకో, కోడూరు రాయికి మార్పిడిగా వచ్చింది అని, తారీఖుతో సహా. చీటీ ఎందుకు తెచ్చావని అడిగితే, రాయికి అదే కదా ఊరూ పేరూ అంది.

తిరిగి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గదిలో టీలు వచ్చి ఉన్నాయి. నగరేశ్వరరావు గారు కప్పు పట్టుకునే ఆత్రంగా డబ్బా వైపు చెయ్యి చాపారు.

"ముందు టీ అవతల పెట్టండి బాబూ," అంది అసిరమ్మ.

ఆయన వెంటనే పెట్టేశారు. జేబులోంచి భూతద్దం తీసి, డబ్బా కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, చాలాసేపు చూశారు. చీటీ చదివి మళ్ళీ చూశారు. మాస్టారు క్లాసులో దీన్ని ఒకే ఒకసారి చూపించారట, ముప్పై ఏళ్ళ కిందట, దూరం నుంచి. అప్పుడు కూడా ఇలాగే ఉందన్నారు. తర్వాత అసిరమ్మ వైపు తిరిగి, చేతులు ఎక్కడ కడుక్కోవాలమ్మా అని అడిగారు. ఆమె బయట కుళాయి చూపించింది, సబ్బు తెచ్చి ఇచ్చింది.

తిరుమలరావు గారు ఆమెతో క్షమాపణ లాంటి మాటేదీ అనలేదు. ఇక వెళ్ళి పనిచూసుకో అన్నారు, అంతే. నగరేశ్వరరావు గారు కాలేజీకి కొత్త కంప్యూటర్ ల్యాబులోకి కుర్చీలు కొనిస్తాననీ, రాళ్ళన్నీ బీరువాలతో సహా తనకి రాసి ఇవ్వమనీ అడిగారు. మేనేజ్‌మెంటు సంతోషంగా ఒప్పుకుంది. రెండు వారాల్లో కాయితాలు అయిపోయాయి. ఆ మరుసటి నెల కాంట్రాక్టు ఏజెన్సీ పంపిన పనివాళ్ళ జాబితాలో అసిరమ్మ పేరు లేదు. ఎందుకని అడిగాను. వయసు దాటిందన్నారు. ఆమెకన్నా పెద్దవాళ్ళు ఇద్దరు ఆ జాబితాలో ఉన్నారు. ఆ మాట ఈసారి ప్రిన్సిపాల్ గారి ఎదటే అన్నాను. ఫలితం ఏమీ రాలేదు. సంక్షిప్తంగా చెప్పాలంటే, ఆ ఏడాది చివర్న నన్నూ పంపేశారు. ఇప్పుడు నేను శ్రీకాకుళంలోనే ఇంకో కాలేజీలో పనిచేస్తున్నాను. దానికి నాకు బాధ లేదు.

అసిరమ్మ ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం అలవాటు లేని మనిషి. నగరేశ్వరరావు గారి ఫోను వచ్చేదాకా మూడు నెలలు అలాగే గడిచాయి. రాజాంలో ఆయన గోదాము మీద రెండు గదులున్నాయి. రాళ్ళు అక్కడ పెట్టించారు గానీ, సగం చీటీలు ఊడిపోయి ఏది ఏదో తెలియడం లేదు. మాస్టారి తర్వాత ఆ రాళ్ళన్నీ చేత్తో ఎరిగున్నది ఆమె ఒక్కతే. వచ్చి సర్దిపెట్టమనీ, తర్వాత కూడా ఉండి చూసుకొమ్మనీ, జీతం ఇస్తాననీ అన్నారు.

ఆమె వెంటనే ఔననలేదు. పార్వతీదేవి గారు, అంటే ఆయన భార్య, స్వయంగా మాట్లాడితే అప్పుడు షరతు చెప్పింది. తోటకూర రాయి అద్దం లోపల ఉండాలి, తాళం ఉండాలి, అది విషమని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, ఆ గదిలో ఎవరూ తినకూడదు, తాగకూడదు, ఆయనైనా సరే. పార్వతీదేవి గారు నవ్వి, ఆయన టీ అలవాటు ఈ వంకనైనా తగ్గుతుందన్నారట.

వారానికి మూడు రోజులు పొద్దున్న బస్సులో వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తుంది. మొదటి నెలంతా సర్దడమే. చీటీ లేని రాయి చేతిలోకి తీసుకుని, ఎత్తి చూసి, గోటితో గీసి, తన పేరు చెప్పేది. నేను ఆదివారాలు వెళ్ళి ఆ పేరుకి పుస్తకంలో పేరు వెతికి రాసేదాన్ని. మూడువందల పన్నెండు రాళ్ళలో పద్నాలుగింటికి మాత్రం ఇద్దరం ఏమీ తేల్చలేకపోయాం.

కిందటి నెల వెళ్ళేసరికి అక్కడ తగువు నడుస్తోంది. నగరేశ్వరరావు గారు పుస్తకంలో ఉన్నట్టు వర్గాలవారీగా పెట్టమంటారు, అంటే ఆక్సైడులు ఒక చోట, సల్ఫైడులు ఒక చోట. అసిరమ్మ మెత్తటివన్నీ కింది అరలోనూ, గట్టివన్నీ పైనా పెట్టాలంటుంది. మెత్తటివి పైనుంచి పడితే దక్కవని ఆమె వాదన. పైగా స్కూలు పిల్లలు వస్తారు, వాళ్ళకి సల్ఫైడంటే ఏం తెలుస్తుంది, మెత్తదనం, గట్టిదనం అయితే చెయ్యి పెడితే తెలుస్తుంది అంటుంది. నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పలేదు. చివరికి ఆయనకి తూర్పు గోడ, ఆమెకు పడమటి గోడ అని వాళ్ళే పంచుకున్నారు.

నేను ఉండగానే ఒక హైస్కూలు నుంచి ముప్పైమంది ఆడపిల్లలు వచ్చారు. తూర్పు గోడ ముందు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. పడమటి గోడ దగ్గర, అసిరమ్మ ముట్టుకోనిచ్చిన రాళ్ళ ముందు, ఒకరినొకరు తోసుకుంటూ ఆగిపోయారు. బస్సుకి టైమవుతోందని వాళ్ళ టీచరు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. నగరేశ్వరరావు గారు అది చూశారు. ఆ మధ్యాహ్నం తూర్పు గోడ పై అరలో ఉన్న మెత్తటి రాళ్ళు నాలుగు తీసి, ఆమె వైపు కింది అరలో పెట్టేశారు.